అరవై నాలుగు అట్టలు

మా ఆడపడుచు నన్ను నలుగురిలో "అట్టల వదిన" అంటుంది. పంతొమ్మిదేళ్లుగా అంటోంది. పెళ్లిళ్లలో అంది, కొత్తగా పరిచయమైన వాళ్ల దగ్గర అంది, కిందటేడు ఆసుపత్రి వరండాలో నర్సుతో కూడా అంది. ఆ నర్సు నవ్వితే, లోపల మంచం మీద పడుకున్న మా ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు కోసమే అందని తెలుసు గనక ఆ పూట నేనేమీ అనలేదు.

ఆ పేరు రావడంలో తప్పు నాదే.

నేను ఆరో తరగతికి పాఠాలు చెబుతాను. బడి తెరిచిన మొదటి వారం పిల్లలకు పాఠం చెప్పను, పుస్తకాలకు అట్టలు వేయడం నేర్పుతాను. బ్రౌన్ పేపరు ఎంత వదలాలి, వెన్ను దగ్గర చిన్న గాటు పెట్టి ముక్కను లోపలికి ఎలా దూర్చాలి, మూలను ముక్కోణంగా ఎలా మడవాలి, ఇవన్నీ బల్ల మీద చేసి చూపిస్తాను. అట్ట లేని పుస్తకం కనబడితే నాకు చొక్కా లేకుండా బడికి వచ్చిన పిల్లవాణ్ని చూసినట్టు ఉంటుంది.

మా ఆయన సైన్‌బోర్డులు రాసేవారు. దుకాణాల పేర్లు, డాక్టర్లు కూర్చునే వేళలు, గోడల మీద "ఇచ్చట ప్రకటనలు అంటించరాదు" లాంటివి. అక్షరమంటే ఆయనకు ప్రాణం. పాత కాగితాల కొట్లలోనూ, పేవ్‌మెంటు మీదా తిరిగి పాత పుస్తకాలు ఏరి తెచ్చుకునేవారు. లోపల ఏముందో పట్టించుకునేవారు కాదు. పై బైండు మీద అక్షరాలు నచ్చితే చాలు, రాని భాషలో ఉన్నా కొనేవారు.

"చదవలేని పుస్తకం ఎందుకండీ?" అని పెళ్లయిన కొత్తలో అడిగాను.

"పక్కింటావిడ పాట వింటావుగా, నీకు పాట వచ్చా?" అన్నారు.

ఆ వేసవి సెలవుల్లో ఆయన పక్క ఊళ్లో ఒక సినిమా హాలుకు బోర్డు రాయడానికి తొమ్మిది రోజులు వెళ్లారు. కొత్త పెళ్లికూతుర్ని, ఇంట్లో పని తక్కువ, చేతులు ఊరుకోవు. బీరువాలో ఆయన పుస్తకాలు అరవై నాలుగు ఉన్నాయి. దుమ్ము కొట్టుకుని, అంచులు పీచులు లేచి ఉన్నాయి. తుడిచాను. తొమ్మిది రోజులూ కూర్చుని అన్నిటికీ బ్రౌన్ పేపరు అట్టలు వేశాను. స్కూలు లేబుళ్లు అంటించాను. పేరు దగ్గర ఆయన పేరు, విషయం దగ్గర నాకు తోచిన విషయం రాశాను. తరగతి దగ్గర ఏం రాయాలో తెలియక గీత పెట్టాను. అరవై నాలుగు పుస్తకాలు నా చేతుల మీదుగా పోయాయి. వాటి పొడవు చూశాను, వెడల్పు చూశాను. ఒక్కదాని ముఖమూ చూడలేదు.

ఆయన వచ్చి బీరువా ముందు నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. "ఎంత శుభ్రంగా ఉన్నాయో," అన్నారు. తర్వాత మంచినీళ్లు అడిగారు. నేను దాన్ని మెప్పు అనుకుని పొంగిపోయాను. పక్కనే ఉన్న మా ఆడపడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. నవ్వడానికి వెళ్లిందో ఏడవడానికో ఇప్పటికీ చెప్పదు.

ఆమె నాకు సంగతి చెప్పింది ఐదేళ్ల తర్వాత. "వదినా, ఆ పుస్తకాల అందమంతా పైనే ఉంటుంది. నువ్వు సరిగ్గా అక్కడే మూశావు," అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే ఆయనతో, "విప్పేస్తానండీ," అన్నాను. ఆయన, "ఉండనీ. నీ చేత్తో వేశావు," అన్నారు.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. లెక్క మొత్తం తప్పు చేసి కూడా ఆశగా చూసే పిల్లలతో నేను మాట్లాడే గొంతు అది. మంచి గొంతే. కాని తప్పు తప్పే అని అందులో ఉంటుంది. అప్పటినుంచి ఆ బీరువా వైపు వీలైనంత తక్కువ చూశాను. అదే రోజుల్లో నా ఎర్ర పెన్నులు తరచూ మాయమవుతుండేవి. స్టాఫ్ రూములో పక్క సెక్షను టీచరును అనుమానించి, ఆవిడతో ఒక టర్మంతా ముభావంగా ఉన్నాను. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఆయన పోయి పదకొండు నెలలైంది. బట్టలు ఇచ్చేశాను, కుంచెలు ఆయన శిష్యుడికి ఇచ్చాను. బీరువా మిగిలింది. అరవై నాలుగు ఖాకీ వెన్నులు వరుసగా నిలబడి, హాజరు పిలుస్తానేమో అన్నట్టు నా వైపు చూస్తుంటాయి. మా బడి లైబ్రరీకి ఇచ్చేస్తానని హెడ్మిస్ట్రెస్‌కు కాగితం రాసిచ్చాను. పిల్లలకు పనికొస్తాయని రాశాను. అది పూర్తి నిజం కాదు. పంతొమ్మిదేళ్లు ఆయన నన్ను ఓర్చుకున్నారన్న సంగతి రోజూ కళ్లబడకుండా ఉంటే చాలనుకున్నాను. శనివారం నాలుగింటికి లైబ్రేరియన్ గారు వ్యాను తీసుకుని వస్తానన్నారు.

శనివారం రెండు గంటలకు మా ఆడపడుచు వచ్చింది.

ఆమెది పుస్తకాల బైండింగు పని. ఒక దర్జీ కొట్టు వెనక గదిలో చేస్తుంది. ఆ గదిలో రెండు మరలున్న చెక్క ప్రెస్సు, గోడకు వేలాడే మైనం రాసిన దారాలు, దర్జీ పారేసే గుడ్డ ముక్కల గుట్ట, పిండి ఉడికించి చేసిన జిగురు గిన్నె ఉంటాయి. ఏ వేళ వెళ్లినా ఆమె వేళ్లకు ఆ జిగురు ఎండిపోయి పొట్టులా లేస్తుంటుంది. అందుకని వాళ్లన్నయ్య ఆమెను "జిగురూ" అని పిలిచేవారు. ఆ గుడ్డ ముక్కలతోనే ఆమె నోటుపుస్తకాలు చేస్తుంది. వెన్ను మీద కుట్టు బయటికి కనబడేలా, జడ అల్లినట్టు కుడుతుంది. ఏటా నాకొకటి ఇస్తుంది. వాటికి కూడా అట్టలు వేశానని ఒప్పుకోవాలి.

"వదినా, నీ ఖైదీల్ని చూడటానికొచ్చా," అంది గుమ్మంలోనే.

"నాలుగింటికి విడుదల."

"విడుదలేంటి! ఈ జైలు నుంచి ఆ జైలుకు బదిలీ. అక్కడ నెంబరు కూడా ఇస్తారు."

చెప్పులు విడిచి తిన్నగా బీరువా ముందుకు వెళ్లి చతికిలబడింది. సంచిలోంచి ఎముకతో చేసిన బద్ద తీసింది. కాగితం మడత నలపడానికీ, అంటుకున్నవి చింపకుండా లేపడానికీ వాళ్లు దాన్నే వాడతారు.

"అదెందుకు తెచ్చావు?" అన్నాను.

"నా పనిముట్టు నాతో తిరుగుతుంది. నీ ఎర్ర పెన్ను నీతో తిరగదా? పెళ్లి శుభలేఖలో కూడా తప్పులు దిద్దిన మనిషివి."

"అందులో తేదీ తప్పు పడింది."

"పడితే పడింది. దిద్ది వాళ్లకే తిరిగిచ్చావుగా!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కటి విప్పనీ వదినా. ఒక్కటే. తేనెటీగల పుస్తకం ఒకటుండేది. నాకు పన్నెండేళ్లప్పుడు అన్నయ్య చూపించాడు. దాన్ని చూశాకే ఈ పనిలోకి వచ్చా. పోయేముందు ఒకసారి చూసి పంపిస్తా. ఏదో నువ్వే చెప్పాలి, లేబుళ్లు రాసింది నువ్వేగా," అంది.

తేనెటీగలు అన్న విషయం నేను ఎక్కడా రాసిన గుర్తు లేదు. ఇద్దరం కలిసి వెన్నులు చూసుకుంటూ వెళ్లాం. చివరకు "వ్యవసాయం" అన్న దగ్గర ఆమె ఆగింది.

"తేనెటీగలు నాగలి దున్నుతాయా వదినా?"

"లోపల పొలం బొమ్మ ఉంది. తొందరలో అదే చూశాను."

ఆమె బద్దను అట్ట కిందికి పోనిచ్చి, కాగితం కిర్రుమనకుండా లేపింది. పంతొమ్మిదేళ్ల నాటి జిగురు పొడిపొడిగా రాలింది. అట్టను తీసి, లేబులు పైకి ఉండేలా పక్కన పెట్టి, పుస్తకాన్ని నా చేతిలో పెట్టింది.

ముదురాకుపచ్చ గుడ్డ బైండు. దాని మీద ఆ అంచు నుంచి ఈ అంచు దాకా బంగారు గీతలతో తేనెపట్టు గదులు. ఒక్కో గది నా చిటికెన గోరంత. గదికొక అక్షరం చొప్పున పుస్తకం పేరు వంకరగా నడుచుకుంటూ కిందికి దిగింది. ఒక్క గది మాత్రం ఖాళీగా ఉంది. ఎందుకో అని తిప్పి చూస్తే, ఆ గదిలో ఉండాల్సిన తేనెటీగ పుస్తకం వెన్ను మీద ఉంది, అప్పుడే ఎగిరి వచ్చి వాలినట్టు. కాగితాల అంచులకు పసుపు రంగు పూసి ఉంది. మూసిన పుస్తకాన్ని పక్కనుంచి చూస్తే తేనె పలకలా ఉంది.

"ఇది మనింట్లో ఉందా?" అన్నాను.

"పంతొమ్మిదేళ్లుగా. యూనిఫారంలో."

నేను కూర్చున్నాను. ఇన్నాళ్లూ అడగాలనుకుని అడగలేనిది అప్పుడు అడిగాను. "మీ అన్నయ్య బాధపడ్డారా? నిజం చెప్పు."

ఆమె వెంటనే ఏదో ఒక పరాచికం ఆడుతుందనుకున్నాను. ఆడలేదు. "నాకెప్పుడూ చెప్పలేదు వదినా. ఎన్నోసార్లు అడిగా. నవ్వి ఊరుకునేవాడు."

ఆ నవ్వూ నాకు తెలుసు. "ఉండనీ" అన్న ఆ గొంతుకు తోడుగా వచ్చే నవ్వే అది. "నాలుగింటికి వ్యాను వస్తుంది. ఇక చాలు, అట్ట వేసేయ్," అన్నాను.

"నేను అట్ట వేయనా? దీనికా? నా చేతులు పడిపోవూ! నువ్వే వేసుకో," అని ఆమె మరో పుస్తకం లాగింది. "ఇదేంటి, దీని పొట్ట నిండా గుబ్బలున్నాయి? వేసేటప్పుడు నీకు అనుమానం రాలేదా?"

"విసుగొచ్చింది. గుబ్బల దగ్గర కాగితం లొంగలేదు," అంటూ అందుకున్నాను. లేబులు మీద "చేతిపని" అని ఉంది. దస్తూరీ నాదే. అలవాటుగా వేలు వెన్ను మీదికి పోయింది, గాటు కోసం వెతికింది.

గాటు లేదు.

మూల తిప్పి చూశాను. ముక్కోణం లేదు. కాగితాన్ని రెండుసార్లు ఒకే వైపు మడిచి, నిలబడకపోతే కుక్కి, పైన టేపు వేశారు. కాగితం రంగు కూడా నేను వాడినదానికంటే ఒక ఛాయ లేత.

"ఇది నేను వేసిన అట్ట కాదు," అన్నాను.

"లేబులు నీదేగా?"

"లేబులు ఒలిచి మళ్లీ అంటించారు. మడత నాది కాదు."

"మడతల్లో కూడా దస్తూరీ ఉంటుందా?"

"ఉంటుంది. నా తరగతిలో ఏ పుస్తకానికి తల్లి అట్ట వేసిందో, ఏ పుస్తకానికి తండ్రి వేశాడో చూసి చెబుతాను. ఇది మొగవాళ్ల మడత. అది కూడా తొందరలో వేసింది. నువ్వు కాదుగా?"

"నేను మడిస్తే ఇలా ఉంటుందా? నువ్వు నన్ను తిట్టొచ్చు గాని ఇంత మాట అనకూడదు," అని ఆమె పుస్తకం లాక్కుని, టేపు కోసి, అట్ట విప్పింది.

కింద ఒక చొక్కా ఉంది. అబద్ధం కాదు. అది పూర్వం బొత్తాలమ్మేవాళ్లు దర్జీలకు చూపించడానికి వెంట తిప్పిన నమూనాల పుస్తకం. దాని బైండును తెల్లటి గుడ్డతో చొక్కా ముందుభాగంలా కుట్టారు. కాలరుంది, మధ్యలో పట్టీ ఉంది, పట్టీ మీద ఐదు ఆల్చిప్ప బొత్తాలున్నాయి. జేబు మీద ఎర్రదారంతో అమ్మేవాడి పేరు కుట్టి ఉంది. బొత్తాలు విప్పితేనే పుస్తకం తెరుచుకుంటుంది. లోపల ప్రతి పేజీలో చెక్కవి, కొమ్మువి, గాజువి వరుసగా చేత్తో కుట్టి ఉన్నాయి.

చొక్కా తొడుక్కుని ఉన్న పుస్తకానికి నేను అట్ట వేశాను.

ఆడపడుచు నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే విప్పిన అట్టను అలవాటుగా చేత్తో సాపు చేయబోయింది. వాళ్ల వృత్తిలో కాగితం పారేయరు. చేయి అక్కడే ఆగిపోయింది, నవ్వూ ఆగింది. "వదినా, ఇటు చూడు."

అట్ట లోపలి వైపు ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ అక్షరాలు ఎవరివో చెప్పడానికి మడతలు చూడనక్కర్లేదు. ఊళ్లో సగం దుకాణాల మీద అవే ఉన్నాయి.

"పదికి రెండు. పాతది బొత్తాల దగ్గర చిరిగిపోయినందున కొత్తది వేయడమైనది. మూల మడత రాలేదు. చూసి కాపీ కొట్టినట్టు ఇట్టే తెలిసిపోతోంది. టీచరు గారి కంట పడేలోగా అభ్యాసం చేయవలెను."

కింద సంతకం, తేదీ. నేను ఎప్పుడు మార్కులు వేసినా కింద పొట్టి సంతకం పెట్టి, తేదీ వేసి, దాని కింద రెండు గీతలు గీస్తాను. ఆయనా రెండు గీతలు గీశారు.

ఇద్దరం ఒక్కసారే తేనెటీగల అట్ట వైపు చెయ్యి చాపాం. అది నా మడతే, నా గాటే. కాని ఆయన దాన్ని చినగకుండా విప్పి, నా మడతల్లోనే మళ్లీ తొడిగారు. దాని లోపలా ఉంది.

"పదికి ఎనిమిది. మూలలు ముచ్చటగా ఉన్నాయి. జిగురు కాస్త ఎక్కువ. విషయం తప్పు రాసినందుకు ఒక మార్కు తగ్గించడమైనది."

"పదికి ఎనిమిది, ఒకటి తగ్గితే ఏడు కదా?" అంది ఆడపడుచు.

"తొమ్మిదిలోంచి తగ్గించి ఎనిమిది వేశారు. నేనూ అలాగే వేస్తాను," అన్నాను.

ఆ తర్వాత మేమిద్దరం పెద్దవాళ్లలా ప్రవర్తించలేదు. బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ఇది నేను", "అది నేను ముందు తీశా, వదులు" అనుకుంటూ ఇంకో ఐదు విప్పాం. ఓడల ముడుల గురించిన పుస్తకం ఒకటి వచ్చింది. ముందు బైండు మీద మొదలైన నల్లటి తాడు వెన్ను దాటి వెనక్కి పోయి, తిరిగి ముందుకు వచ్చి, పేరులోని చివరి అక్షరమై ముడిపడింది. ఎక్కడా తెగలేదు. దాని అట్టకు తొమ్మిది వచ్చాయి. "ఈ వారంలో ఇదే ఉత్తమం. మిగతా పుస్తకాలు దీన్ని చూసి నేర్చుకోవాలి" అని రాసి ఉంది. రెండిటి లోపల ఏమీ రాసి లేదు. వాటి దాకా ఆయన రాలేదో, వచ్చి కూడా ఊరుకున్నారో తెలియదు. ఒకదానికి మార్కు వేయకుండా, "హోంవర్కు బాగుంది, చేసినవారు ఇంట్లో లేరు" అని మాత్రం రాశారు.

నేను తేదీలు చూస్తున్నాను. ఒకటి పన్నెండేళ్ల కిందటిది, ఒకటి ఎనిమిదేళ్లది. అన్నీ మార్చి, సెప్టెంబరు నెలల్లోనే ఉన్నాయి.

"అర్థమైంది. ఇవన్నీ పరీక్షల రోజులు. నాకు ఇన్విజిలేషన్ ఉండేది, సాయంత్రం దాకా ఇంటికి వచ్చేదాన్ని కాదు," అన్నాను.

"అంటే నువ్వక్కడ కాపీ కొట్టకుండా కాపలా కాస్తుంటే, ఇక్కడ మా అన్నయ్య..."

"నా ఎర్ర పెన్నుతో," అన్నాను. పక్క సెక్షను టీచరు గుర్తొచ్చింది. సోమవారం ఆవిడతో మాట్లాడాలి.

చివరగా విప్పినదానికి నేను "ఇతరములు" అని రాసి ఉన్నాను. ఎక్కడో ఎవరో ముప్పై ఏళ్లపాటు కురిసిన వానను కొలిచి రాసుకున్న పుస్తకం. బూడిదరంగు గుడ్డ మీద ఏటవాలుగా సన్నటి వెండి గీతలు, బాగా కింద నీళ్లలో నీడ పడినట్టు తలకిందులుగా పేరు. పేరు చదవాలంటే పుస్తకాన్ని తిప్పి పట్టుకోవాలి. తిప్పితే వాన పైకి కురుస్తుంది. దాని అట్ట లోపల మిగతావాటికంటే ఎక్కువ రాసి ఉంది. నేనే చదివాను, ఆమెకు వినబడేలా.

"దీన్ని చూసి రెండేళ్లయింది. పైన ఏముండేదో మరిచిపోయాను. ఇవాళ విప్పితే మళ్లీ పేవ్‌మెంటు మీద దొరికినంత సంబరంగా ఉంది. బీరువాలో రోజూ కళ్ల ముందుంటే ఈపాటికి గోడలా అయిపోయేది. అందుకని అట్టకు ఒక మార్కు కలపడమైనది. మొత్తం పదికి పది."

ఆడపడుచు కళ్లు తుడుచుకుని, "నాకు ఎప్పుడూ పదికి పది వేయలేదు. నా మొదటి బైండుకు నాలుగు వేశాడు," అంది.

"నాలుగు రావాల్సిందే. నేను చూశాను," అన్నాను.

వాకిట్లో హారన్ మోగింది. నాలుగైంది.

లైబ్రేరియన్ గారు పద్ధతైన మనిషి. చొక్కా జేబులో స్టాంపు, చేతిలో ఇంకు ప్యాడు, చంకలో రిజిస్టరు పట్టుకుని లోపలికి వచ్చారు. నేల మీద ఏడు పుస్తకాలు అట్టలు లేకుండా పరిచి ఉండటం చూసి నిలబడిపోయారు.

"అయ్యో, ఏంటి మేడమ్, అట్టలు ఊడదీశారు?"

"చూశాం సార్," అన్నాను.

"హెడ్మిస్ట్రెస్ గారు చెప్పారు, అన్నిటికీ మీ చేత్తో అట్టలున్నాయని. మాకు పని తప్పిందని ఎంత సంతోషించానో! ఇప్పుడివి మళ్లీ వేయాలి." ఆయన తేనెటీగల పుస్తకం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "అబ్బ, ఇలా ఉంటే ఎంత త్వరగా మాసిపోతుందో."

మా ఆడపడుచు నా వైపు చూసింది. ఆ చూపులో పంతొమ్మిదేళ్ల వెక్కిరింత ఉంది. నాలాంటి మనిషి ఇంకొకరు ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది.

"ముందు స్టాంపులు కొట్టేస్తాను," అని ఆయన కూర్చున్నారు. "మొదటి పేజీలో ఒకటి, పదిహేడో పేజీలో ఒకటి. పదిహేడో పేజీ సంగతి బయటివాళ్లకు తెలియదు లెండి. దొంగను పట్టుకోవడానికి."

"నేను మీ లైబ్రరీ పుస్తకాలు ఇరవై ఏళ్లుగా బైండు చేస్తున్నా సార్. వచ్చే ప్రతివాడూ ముందు పదిహేడే తిప్పుతాడు," అంది ఆడపడుచు.

ఆయన వినిపించుకోలేదు. పదిహేడో పేజీ తెరిచారు. స్టాంపును ప్యాడు మీద రెండుసార్లు అద్దారు. ఊదారంగు ఇంకు నిగనిగలాడింది.

"ఆగండి సార్," అన్నాను. "ఇవ్వలేను."

"ఇదొక్కటా?"

"ఒక్కటీ ఇవ్వలేను."

ఆయన స్టాంపును గాలిలోనే పట్టుకుని, రెండో చేత్తో రిజిస్టరులోంచి ఒక కాగితం తీశారు. "మీరు రాసిచ్చారు మేడమ్. అరవై నాలుగు పుస్తకాలు, అట్టలతో సహా. కింద సంతకం, తేదీ, రెండు గీతలు."

"నేనే రాశాను."

"మరి మాట తప్పితే ఎలా? పిల్లలకేం చెబుతారు?"

"తప్పానని చెబుతాను," అన్నాను. నా ఉద్యోగంలో ఈ మాట నేను పిల్లల చేత చాలాసార్లు అనిపించాను. నేను అనడం ఇదే మొదలు. అనడం కష్టంగానే ఉంది, వాళ్ల మీద జాలి వేసింది.

లైబ్రేరియన్ గారు చెడ్డవారు కారు. ఇంకు ఆరిపోతున్న స్టాంపు వంక చూసుకుంటూ, ఖాళీ వ్యాను తీసుకుని హెడ్మిస్ట్రెస్ ముందుకు ఎలా వెళ్లాలా అని ఆలోచిస్తున్నారు. ఆయన ముఖం చూసి నాకు దారి తోచింది.

"కొత్త పుస్తకాలు మూడు వందలు వచ్చాయన్నారు కదా సార్, వాటికి అట్టలయ్యాయా?"

"ఎక్కడ మేడమ్! డబ్బాల్లోనే ఉన్నాయి. ఎవరు వేస్తారు?"

"నేను వేస్తాను. సంక్రాంతి సెలవుల్లో అన్నిటికీ వేసి, లేబుళ్లు కూడా రాసిస్తాను. హెడ్మిస్ట్రెస్ గారికి నేనే కాగితం రాస్తాను, దీని బదులు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "వెన్ను దగ్గర గాటు పెట్టి వేస్తారుగా?" అని అడిగారు.

"గాటు పెట్టకపోతే అట్టే కాదు సార్."

"అదీ!" అన్నారు. స్టాంపును జేబులో పెట్టుకుని, ప్యాడు మూసి, వెళ్తూ వెళ్తూ నేల మీది పుస్తకాల వైపు చూసి, "వాటి మీద మాత్రం కనీసం ఒక గుడ్డ కప్పండి మేడమ్," అన్నారు. జేబు మీద ఊదారంగు మరక పాకడం ఆయన చూసుకోలేదు. చెబుదామనుకునేలోపు వ్యాను కదిలింది.

"మూడు వందలా! నీకేమైనా పట్టిందా వదినా?" అంది ఆడపడుచు.

"నువ్వు రావా సాయం?"

"నేను బైండర్ని. బ్రౌన్ పేపరు అట్టలేస్తున్నానని తెలిస్తే నా కొట్టుకి ఎవరొస్తారు?" అంది. మళ్లీ తనే, "జిగురు మాత్రం నేను తెస్తా. నీది కాస్త ఎక్కువ పడుతుందట," అని అట్ట వైపు చూపించింది.

మిగిలిన యాభై ఏడూ ఇప్పుడే విప్పుదామంది. వద్దన్నాను. మార్చి పరీక్షలకు ఇంకా నాలుగు నెలలుంది, అప్పుడు రమ్మన్నాను. ఆమె పళ్లు నూరింది గాని కాదనలేదు. విప్పిన ఏడు పుస్తకాలనూ పాత చోటే నిలబెట్టాం. ఖాకీ వరుస మధ్యలో అవి బడి ఎగ్గొట్టిన పిల్లల్లా ఉన్నాయి. విప్పిన అట్టలన్నీ తనకివ్వమని, ఒత్తుగా కుట్టి పుస్తకం చేసి తెస్తానని అంది. వెన్ను మీద కుట్టు కనబడేలా కుడుతుందట.

"మరి దానికి పైన అట్ట?" అన్నాను.

"ముట్టుకున్నావంటే చూడు!" అంది.

ఆమె అట్టలు సాపు చేసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, చొక్కా పుస్తకానిది ఒక్క నిమిషం ఇమ్మన్నాను. తేదీ మళ్లీ చూశాను. పోయినేడు వార్షిక పరీక్షల రెండో రోజు. ఆసుపత్రికి వెళ్లడానికి మూడు వారాల ముందు. కాగితాన్ని వెలుతురులో పెట్టి మడతల గుర్తులన్నీ చూశాను. మూలను నాలుగుసార్లు మడవడానికి ప్రయత్నించి విప్పిన గీతలున్నాయి. నాలుగోసారి దాదాపు ముక్కోణం వచ్చింది.

సంచిలోంచి ఎర్ర పెన్ను తీశాను. రెండు కొట్టేసి, మూడు వేశాను. పొట్టి సంతకం పెట్టి, తేదీ వేసి, కింద రెండు గీతలు గీశాను.

"అంతేనా? వదినా, కనీసం ఐదు వెయ్యి!" అంది ఆడపడుచు నా భుజం మీంచి చూస్తూ.

వేయలేకపోయాను. మడత నిజంగానే బాగాలేదు.